రోజూ గ్లవ్స్ వేసుకునే చేతికి ఏ ఉంగరం?

మీకు కాబోయే ఆవిడ నర్సు కదా, ఎత్తుగా రాయి ఉన్న 22 క్యారెట్ల ఉంగరం కొనాలా, సాదాది కొనాలా అని అడిగారు. నేనైతే సాదాదే తీసుకోమంటాను. గ్లవ్ వేసుకున్న ప్రతిసారీ, రాయిని పట్టి ఉంచే చిన్న చిన్న కాళ్లు దానికి తగులుకుంటాయి. గ్లవ్ చిరుగుతుంది. ఒక్క కాలు పైకి లేచినా రాయి వదులై, ఎక్కడ ఊడి పడిందో కూడా తెలియదు. రాయి ఉండాల్సిందే అనుకుంటే, చుట్టూ లోహపు అంచు కట్టి, ఉంగరంతో సమానంగా పొదిగినది చూడండి. కొన్ని ఆసుపత్రులు డ్యూటీలో రాళ్ల ఉంగరాలు ఒప్పుకోవు, ఆ సంగతి ముందే ఆవిడను అడగండి.

22 క్యారెట్లంటే 91.6 శాతం బంగారం. మెత్తన, త్వరగా సొట్టలు పడుతుంది. 18 క్యారెట్లలో 75 శాతమే, మిగతాది రాగి, వెండి లాంటివి. రోజువారీ వాడకానికి అదే గట్టిది.

ఇక సైజు. దారంతో కొలిచానన్నారు, దయచేసి దాన్ని నమ్మకండి. దారం సాగుతుంది. పైగా వేలు చలికి సన్నబడుతుంది, వేడికి ఉబ్బుతుంది. నేను చలికాలం పొద్దున కొలత ఇచ్చి చేయించుకున్న ఉంగరాన్ని ఎండాకాలంలో సబ్బు రాసి తీయాల్సి వచ్చింది. ఆవిడనే తీసుకెళ్లి, సాయంత్రం పూట కొలిపించండి. కణుపు దగ్గర కాస్త బిగువుగా ఆగి, దాటాక గిర్రున తిరగకుండా కూర్చోవాలి. వెడల్పు పట్టీ అయితే కొంచెం పెద్ద సైజు పడుతుంది. టంగ్‌స్టన్ అనే చాలా గట్టి లోహంతో చేసిన ఉంగరం మాత్రం వద్దు, తర్వాత సైజు మార్చడం కుదరదు.