‘రక్షణ’ – ఎవరు, ఎవరిని, దేని నుంచి?

సందేహం: మా చర్చి సంఘంలో పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలకు ఆదివారం పాఠాలు చెబుతాను. ‘నువ్వు రక్షింపబడ్డావా?’ అని అడిగితే ఒక అబ్బాయి ‘దేని నుంచి మేడం?’ అన్నాడు. మిగతా పిల్లలదీ అదే ప్రశ్న. వాళ్లకు రక్షణ అంటే రక్షణ శాఖ, మహిళల రక్షణ, బండి మీద వెళ్లేవారికి హెల్మెట్. ఈ మాట మార్చి మోక్షం, ముక్తి, విమోచన, విడుదల వంటివి వాడవచ్చా? అలాగే రక్షింపబడ్డాను, రక్షించబడ్డాను, రక్షణ పొందాను, రక్షణ తీసుకున్నాను – వీటిలో ఏది సరైన తెలుగు? – ఒక పాఠకురాలు, ఏలూరు.

సమాధానం: ఆ అబ్బాయి అడిగింది చక్కని వ్యాకరణ ప్రశ్న. రక్షించడం అనే క్రియకు ఎవరు, ఎవరిని, దేని నుంచి అనే మూడూ కావాలి. వ్యాకరణంలో వీటిని కర్త, కర్మ, అపాదానం అంటారు. ఈ మూడింట్లో ఏది లోపించినా వినేవాడు దాని కోసం వెతుక్కుంటాడు. ‘రక్షణ’ అని నామవాచకం చేసి వాడినప్పుడు మూడూ లోపలికి వెళ్లిపోతాయి. సంఘంలో పుట్టి పెరిగి వేల ప్రసంగాలు విన్న పెద్దలకు అవి చెప్పకపోయినా తెలుస్తాయి, పదహారేళ్ల పిల్లవాడికి తెలియవు. అందుకని మాట మార్చకండి, వాక్యం పూర్తి చేయండి.

పూర్తి వాక్యానికి మంచి నమూనా మత్తయి సువార్త మొదటి అధ్యాయంలోనే ఉంది. ‘తన ప్రజలను వారి పాపములనుండి ఆయనే రక్షించును గనుక ఆయనకు యేసు అను పేరు పెట్టుదువు’ అని దూత యోసేపుతో చెబుతాడు. ఎవరిని? తన ప్రజలను. దేని నుంచి? వారి పాపముల నుండి. ఎవరు? ఆయనే. ‘ఆయన’ అని ఊరుకోకుండా ‘ఆయనే’ అన్నారు. యేసు అనే పేరుకు హీబ్రూలో ‘యెహోవా రక్షించును’ అని అర్థం. కాబట్టి ఆ పేరే ఒక వాక్యం, అందులో కర్తా క్రియా ఉన్నాయి. పాఠం ఈ ఒక్క వచనంతో మొదలుపెడితే నిర్వచనాల అవసరం సగం తీరుతుంది.

ఇక పిల్లల మనసులో మాట ఎక్కడ దారి తప్పుతోందో చూద్దాం. మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే. తెలుగులో రక్షించు, కాపాడు అనే మాటలు రెండు పనులకూ పనికొస్తాయి. ఆపద రాకుండా కాయడం ఒకటి, ఆపదలో పడ్డవారిని బయటికి తీయడం మరొకటి. పిల్ల బావి దగ్గరికి పోకుండా చూసుకున్నా ‘కాపాడాడు’ అంటాం, బావిలో పడిన పిల్లను పైకి తీసినా ‘కాపాడాడు’ అంటాం. ఈ కాలపు వాడుకలో ‘రక్షణ’ మొదటి అర్థం వైపే బాగా ఒరిగింది. రక్షణ శాఖ, రక్షక భటులు, రక్షణ గోడ, పిల్లల మెడలో కట్టే రక్షరేకు, ‘శ్రీరామరక్ష’ అనే జాతీయం – అన్నిటిలోనూ ఆపద రాకుండా కాయడమే ఉంది. బైబిలులో రక్షణ ప్రధానంగా రెండో అర్థంలో వస్తుంది. అక్కడ మనిషి అప్పటికే పడిపోయి ఉన్నాడు.

ఈ తేడా చెప్పకపోతే పిల్లలకు దెబ్బ తగులుతుంది. రక్షణ అంటే కష్టం రాకుండా ఉండే కవచం అని ఒక అమ్మాయి నమ్మిందనుకోండి. తర్వాత పరీక్ష తప్పుతుంది, లేదా తల్లికి పెద్ద జబ్బు చేస్తుంది. ‘నా రక్షణ ఏమైంది?’ అని ఆ పిల్ల లోలోపల కుమిలిపోతుంది. ఎవరూ అలా మాట ఇవ్వలేదు, కానీ ఆమెకు తెలిసిన తెలుగు ఆ మాట ఇచ్చింది. ఇంత బరువు ఒక అర్థభేదం మీద పడుతోంది కాబట్టే దీన్ని చిన్న విషయంగా తీసేయవద్దంటున్నాను.

మన సంఘాల వాడుకలోనే దీనికి మందు ఉంది. ఆపద రాకుండా కాయడానికి ‘కాపుదల’ అని చక్కని మాట వాడుతూనే ఉన్నారు. ‘ప్రయాణంలో నీ కాపుదల దయచేయి తండ్రీ’ అని ప్రార్థిస్తారే గాని ‘రక్షణ దయచేయి’ అనడం అరుదు. పాత తెలుగు బైబిలులో 121వ కీర్తన కూడా ‘ఆయన నీ ప్రాణమును కాపాడును’ అనే అంటుంది. కాపుదల వేరు, రక్షణ వేరు అని బోర్డు మీద పక్కపక్కన రాసి చూపించండి. కాపుదల కోసం రోజూ ప్రార్థిస్తాం. రక్షణ అంతకన్నా లోతైన అవసరానికి సంబంధించింది.

ఆ అవసరం ఏమిటో చూపించడానికి లూకా 19వ అధ్యాయంలోని జక్కయ్య కథను మించింది నాకు కనబడలేదు. పిల్లలకు అది పొట్టివాడు మేడిచెట్టు ఎక్కిన కథగానే గుర్తుంటుంది. పాట పాడి వదిలేస్తాం. కానీ ఆ ఇంట్లో యేసు అన్న మాట చూడండి: ‘నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది.’ జక్కయ్యకు వచ్చిన ఆపద ఏమిటి? అతడు సుంకపు గుత్తదారుడు, అంటే పన్నుల వసూలును గుత్తకు తీసుకున్నవాడు, ధనవంతుడు. రోమా ప్రభుత్వం అండ ఉంది. రోగం లేదు, శత్రువు తలుపు తట్టలేదు. కాపుదలకు ఏ లోటూ లేదు. అయినా యేసు అతణ్ణి ‘నశించినదాని’ లెక్కలో వేశాడు. అతడు పక్కవారికి ఆపద అయి కూర్చున్నాడు. తన చేతులే తనకు ఉచ్చు. ఊళ్లో ఎవరూ గడప తొక్కని ఇల్లు అతనిది.

ఆ కథలో పనుల వరుస కూడా గమనించమనండి. జక్కయ్య బాగుపడ్డాక యేసు అతని ఇంటికి వెళ్లలేదు. ‘త్వరగా దిగుము, నేడు నేను నీ యింట నుండవలసియున్నది’ అన్న పిలుపు ముందు వచ్చింది. ఆస్తిలో సగం బీదలకు ఇస్తాను, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి చెల్లిస్తాను అన్న మాట తర్వాత వచ్చింది. కృప, మారుమనస్సు, రక్షణ అనే మూడు పెద్ద మాటలు ఆ పది వచనాల్లో మనుషులై నడుస్తాయి. ‘దేని నుంచి?’ అన్నవాడు ఈ కథ చదివితే జవాబు వాడే చెబుతాడు. ఆ తర్వాత లేఖనాలు ఇచ్చే మిగతా జవాబులు అందించవచ్చు. రోమా పత్రిక (తొలి క్రైస్తవ బోధకుడు పౌలు రోమాలోని విశ్వాసులకు రాసిన ఉత్తరం) 5వ అధ్యాయం ‘ఉగ్రతనుండి’, అంటే దేవుని కోపం నుంచి అంటుంది, హెబ్రీ పత్రిక 2వ అధ్యాయం మరణభయపు దాస్యం నుంచి విడిపించడం అంటుంది. తాతయ్యనో స్నేహితుణ్ణో పోగొట్టుకున్న పిల్లలకు ఈ రెండోది వెంటనే అందుతుంది.

దేని నుంచి అన్నదాంతో ఆగకండి, దేనిలోకి అన్నది కూడా ఉంది. 118వ కీర్తనలో ‘ఇరుకునందుండి నేను యెహోవాకు మొఱ్ఱపెట్టితిని, విశాలస్థలమందు యెహోవా నాకు ఉత్తరమిచ్చెను’ అని ఉంది. ఇరుకున పడ్డాను, ఇరకాటంలో ఉన్నాను అని రోజూ అనుకునే మనకు ఇంత తెలుగుగా కుదిరిన మాట వేరే ఏముంటుంది? గ్రీకు మూలంలో ఇంకొక విశేషం ఉంది. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీతో యేసు ‘నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను’ అన్నట్టు మార్కు 5లో చదువుతాం. పాపాత్మురాలని పేరుపడిన స్త్రీతో ‘నీ విశ్వాసము నిన్ను రక్షించెను’ అన్నట్టు లూకా 7లో చదువుతాం. గ్రీకులో రెండు చోట్లా ఒకటే క్రియ – ‘సోజో’. తెలుగు అనువాదకులు సందర్భాన్ని బట్టి రెండుగా చెప్పారు, అది తప్పు కాదు. అయితే రక్షణలో బాగుపడటం, తిరిగి మనిషిగా నిలబడటం కూడా ఉన్నాయని పిల్లలకు చెప్పడానికి ఈ జంట వచనాలు బాగా పనికొస్తాయి. ఆ రెండు చోట్లా ‘సమాధానము గలదానవై’ అనే మాట వస్తుంది. ఇక్కడ సమాధానం అంటే జవాబు కాదు, మనశ్శాంతి, సఖ్యత అని చెప్పి ముందుకు వెళ్లండి. ఇప్పటి పిల్లలు దాన్ని కచ్చితంగా జవాబు అనే చదువుతారు.

మీరు అడిగిన మారు మాటల సంగతి. మోక్షం, ముక్తి క్రైస్తవులకు కొత్త మాటలేమీ కావు, పాత కీర్తనల్లో కనిపిస్తాయి. ధాతువు ప్రకారం రెండింటికీ విడిపోవడం అనే అర్థం. కానీ తెలుగువాడి చెవికి మోక్షం అంటే జననమరణాల చక్రం నుంచి బయటపడటం, ధర్మార్థకామమోక్షాల్లో నాలుగోది. ఆ మాట వెనుక వేల ఏళ్ల చింతన ఉంది. ఆ సొంత అర్థాన్ని గౌరవించాలి. దాన్ని తెచ్చి వేరే అర్థంలో కూర్చోబెడితే పిల్లలకు రెండూ అయోమయమవుతాయి. పోల్చి చూపడానికి వాడండి, మారుగా వాడకండి. విమోచన కథ వేరు. తెలంగాణ పిల్లలకు ఆ మాట 1948 సెప్టెంబరు 17తో ముడిపడి ఉంటుంది. బైబిలులో అది బానిసను వెల చెల్లించి విడిపించడం. మార్కు 10లోని ‘విమోచన క్రయధనము’ అన్న మాటలో ఆ వెల ఉంది. క్రయధనం అంటే కొనుగోలు సొమ్ము. వెట్టిచాకిరి అంటే ఏమిటో తాతముత్తాతల నోట విన్న ఇళ్లలో ఈ మాట ఇట్టే అర్థమవుతుంది. కాబట్టి విమోచన రక్షణలో ఒక ముఖ్యభాగం చెబుతుంది, మొత్తం చెప్పదు. విడుదల తేలిక మాట, వివరణకు బాగుంటుంది.

ఇక రూపాల విషయం. రక్షింపబడు, రక్షించబడు రెండూ ఒప్పే. ‘ఇంచు’తో ముగిసే క్రియలకు ‘బడు’ చేరినప్పుడు చకారం పకారం కావడం పాత పద్ధతి: క్షమింపబడు, ప్రేమింపబడు. ఇప్పటి రాతలో చకారం మారకుండా అలాగే ఉంటోంది. ‘బడు’ ప్రయోగం తెలుగుకు అంత సహజం కాదని, తప్పించగలిగిన చోట తప్పించమని భాషావేత్తలు చెబుతూ వచ్చారు. నేనూ అదే చెబుతాను. అందుకే పిల్లలతో ‘యేసు నన్ను రక్షించాడు’ అన్న మామూలు వాక్యం ముందు అనిపించండి. కర్త ఎదురుగా కనబడతాడు. ఆ తర్వాత ‘రక్షింపబడ్డాను’ అన్నదాని విలువ తెలుస్తుంది. ఈ ఒక్కచోట ‘బడు’ను నేను వెనకేసుకొస్తాను. అక్కడ ‘నేను’ వాక్యానికి మొదట్లో ఉన్నా పని చేసింది నేను కాదు. క్రైస్తవ విశ్వాసం చెప్పదలచింది సరిగ్గా అదే. ‘రక్షణ పొందాను’ కూడా బాగుంది, పొందడంలో ఇచ్చేవాడు ఉన్నాడు. ‘రక్షణ తీసుకున్నాను’ అన్నది సాక్ష్యాల్లో, అంటే సంఘంలో ఎవరి విశ్వాసానుభవం వారు చెప్పుకునేటప్పుడు, తరచు వినిపిస్తుంది. వ్యాకరణదోషం లేదు గాని, ‘కొను’ చేరడంతో పని మన చేతికి వచ్చేస్తుంది. తీర్మానం తీసుకుంటాం, రక్షణ పొందుతాం – ఈ రెండూ విడిగా ఉంటే మంచిది.

దీనికి తోడుగా ఎఫెసీ పత్రికలోని ‘విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు’ అన్న వాక్యంలో ప్రత్యయాలు చూడండి. కృప ‘చేత’, విశ్వాసం ‘ద్వారా’. గ్రీకులోనూ ఈ రెండూ వేరువేరుగానే ఉన్నాయి, తెలుగు చేసినవారు జాగ్రత్తగా నిలబెట్టారు. పని చేసేది కృప, అది నాలోకి వచ్చే దారి విశ్వాసం. మనం మాట్లాడేటప్పుడు రెండింటినీ కలిపేసి ‘విశ్వాసం వల్ల రక్షణ’ అంటాం. పాపపుణ్యాల చిట్టా అలవాటైన చెవికి అది ‘నమ్మితే పుణ్యం, పుణ్యానికి ప్రతిఫలం రక్షణ’ అని వినబడుతుంది. తగినంత గట్టిగా నమ్ముతున్నానో లేదో అని రాత్రిళ్లు భయపడే పిల్లలు ఉన్నారు. వారికి ఈ ‘చేత’, ‘ద్వారా’ల తేడా నిదానంగా, ఉదాహరణలతో చెప్పండి.

చివరగా కాలం. ‘రక్షింపబడ్డావా?’ అన్న మీ ప్రశ్న భూతకాలంలో ఉంది. పౌలు మూడు కాలాల్లోనూ రాశాడు: ఎఫెసీ 2లో ‘రక్షింపబడియున్నారు’, మొదటి కొరింథీ 1లో ‘రక్షింపబడుచున్న మనకు’, రోమా 5లో ‘రక్షింపబడుదుము’. ఏ కాలానికి ఎంత బరువు అన్నదాంట్లో కతోలికులకు, లూథరన్లకు, బాప్టిస్టులకు, పెంతెకొస్తు వారికి తేడాలున్నాయి. అవి మీ సంఘం పెద్దలు చెప్పవలసినవి. భాష వైపు నుంచి చెప్పగలిగింది ఒకటే: భూతకాలపు ప్రశ్న తేదీ అడుగుతుంది. పౌలును బంధించి ఉంచిన ఫిలిప్పీ చెరసాల అధికారికి తేదీ ఉంది, భూకంపం వచ్చి అతడు విశ్వసించిన ఆ రాత్రి. పౌలు శిష్యుడు తిమోతికి ఉన్నట్టు కనబడదు. అవ్వ లోయి, తల్లి యునీకే ఒడిలో, బాల్యం నుంచి లేఖనాలు వింటూ పెరిగాడు. విశ్వాసుల ఇళ్లలో పుట్టిన మీ పిల్లల్లో ఎక్కువమంది తిమోతి వంటివారే అయి ఉంటారు. తేదీ చెప్పలేనందుకు వాళ్లను తక్కువ చేయకండమ్మా. ‘యేసు నిన్ను దేని నుంచి విడిపిస్తున్నాడు?’ అని వర్తమానంలో అడిగి చూడండి. ‘ఇంకా తెలియడం లేదు’ అన్న పిల్లవాడి జవాబును కూడా నిజాయితీ గల జవాబుగానే తీసుకోండి.