మూడో తరగతి ప్రాజెక్టు చేస్తున్నది ఎవరు?

ప్రశ్న: విశాఖ మధురవాడలో ఉంటాం. మా బాబు మూడో తరగతి. వాడి స్కూల్లో ఈ ఏడాది నుంచి పాఠాలన్నీ ప్రాజెక్టులతోనే చెబుతున్నారు, హోంవర్క్ దాదాపు లేదు. ప్రాజెక్టులు మాత్రం ఇంటికి వస్తాయి, రాత్రి పదకొండు దాకా నేనే కూర్చోవాలి. మా తోటికోడలి కొడుకూ మూడో తరగతే, వేరే స్కూలు. అప్పుడే ఒలింపియాడ్ పుస్తకాలు, వారం వారం టెస్టులు. మావాడు వెనకబడిపోతాడేమోనని టెన్షన్‌గా ఉంది. ఏ పద్ధతి మంచిది? స్కూలు మార్చమంటారా?

జవాబు: అమ్మా, ముందు మీరు కాస్త స్థిమితపడండి. మీ ఉత్తరంలో తోటికోడలి కొడుకు టైంటేబుల్ ఉంది. మీ బాబు ఏం చదవగలడో, ఏ లెక్క చేయగలడో ఒక్క ముక్క లేదు. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో సగం మంది ఇలాగే అడుగుతారు. స్కూళ్ల పేర్లు మారతాయి గానీ లోపలి భయం ఒకటే, ఐఐటీ. ఆ పరీక్ష మీవాడు రాయాలంటే ఇంకా తొమ్మిదేళ్లుంది. ఎనిమిదేళ్ల పిల్లాడు ఈ ఏడాది టెస్టులు తక్కువ రాసినంత మాత్రాన అక్కడ ఏమీ పోగొట్టుకోడు.

అలాగని మీ స్కూలు బ్రోషర్‌ని నేను నెత్తిన పెట్టుకోను. ప్రాజెక్టు పద్ధతి నిన్న మొన్న పుట్టింది కాదు. అమెరికాలో కిల్‌పాట్రిక్ అనే విద్యావేత్త 1918లోనే దాని మీద పెద్ద వ్యాసం రాశారు. చేతిపనితో చదువు కలపాలని గాంధీగారు 1937లో వార్ధాలో చెప్పారు. ఇప్పుడు దానికే ‘21వ శతాబ్దపు నైపుణ్యాలు’ అని పేరు పెట్టి, పక్కన ఒక రోబో బొమ్మ వేసి, ఫీజు పెంచుతున్నారు. సృజన, సహకారం, విమర్శనాత్మక ఆలోచన అంటారు, వినడానికి బాగానే ఉంటుంది. పేరా చదివి అర్థం చేసుకోలేని పిల్లాడు దేన్ని విమర్శిస్తాడు? అప్పు తీసుకునే తీసివేత రానివాడికి రోబో కిట్ ఎందుకు? కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కూడా అడిగేది ఇంతే: మూడో తరగతి పూర్తయ్యేసరికి అర్థం చేసుకుంటూ చదవాలి, మామూలు లెక్కలు రావాలి. ప్రాజెక్టు ఇవి నేర్పే పాఠానికి తోడుగా ఉండాలి గానీ దాని చోటు ఆక్రమించకూడదు.

ఇప్పుడు మిమ్మల్ని కూడా నాలుగు మాటలు అంటాను, ఏమీ అనుకోవద్దు. ఆ మధ్య ఒకావిడ రెండో తరగతి కూతురితో పాటు థర్మకోల్ అగ్నిపర్వతం కూడా పట్టుకొచ్చారు. చక్కగా ఉంది, లావా రంగు అంచు దాటలేదు. “లోపల ఏముందమ్మా?” అని అడిగితే ఆ పాప “మమ్మీకి తెలుసు” అంది. పిల్ల వేళ్ల మీద ఒక్క రంగు మరక లేదు. ఆవిడ గోళ్ల సందుల్లో మాత్రం ఎర్ర రంగు ఇంకా పోలేదు. రాత్రి పదకొండింటికి మీరు చేస్తున్నదీ అదే. మార్కులు మీకు, కునుకు వాడికి! వంకరగా ఉన్నా సరే, వాడు అతికించిందే పంపండి. టీచర్ ఏమైనా అంటే నా పేరు చెప్పండి.

అసలు ప్రాజెక్టు అంటే ఎలా ఉంటుందో చెబుతాను. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేట ఆపేస్తారు. నాకు తెలిసిన ఒకాయన మొన్న వేసవిలో ప్రతి ఆదివారం కూతుర్ని పెద్ద జాలరిపేట తీసుకెళ్లారు. వంజరం కిలో ఎంత, కానాగంతలు ఎంత అని ఆ పిల్లే అడిగి, పాత క్యాలెండర్ వెనక రాసుకునేది. ఇంటికొచ్చాక పోయిన వారం కంటే ఎంత పెరిగిందో తీసివేసి చూసేది. మూడో వారం అమ్మే ఆవిడనే నిలదీసింది, “వేట ఆపేశారు కదా, మరి ఈ చేపలెక్కడివి?” అని. “ఇంజిను బోట్లకేనమ్మా బందు, తెప్పలెల్తాయి” అందావిడ. ఆ రోజంతా ఇంట్లో తెప్పల గొడవేనట. రాయడం, లెక్క, కొత్త మనిషితో మాట్లాడటం, అన్నీ అందులోనే వచ్చాయి. ఖర్చంతా కొన్న చేపలకే.

పోలిక అడిగారు కదా. టెస్టుల స్కూల్లో వేగం, తప్పుల్లేకుండా చేసే అలవాటు వస్తాయి. ప్రాజెక్టుల స్కూల్లో అడగడం, చెప్పడం వస్తాయి, టీచర్ మంచివారైతేనే. నా లెక్కలో టీచరే ముఖ్యం, పద్ధతి తర్వాత.

ఈ ఆదివారం బాబుకి తెలియని కథ అరపేజీ ఇచ్చి చదివించండి, తర్వాత వాడి మాటల్లో చెప్పమనండి. 347 రూపాయల సరుకులకు 500 నోటు ఇస్తే ఎంత తిరిగి రావాలో అడగండి. రెండూ చేశాడంటే స్కూలు మార్చే పనే లేదు. తడబడితే రోజూ ఇరవై నిమిషాలు పక్కన కూర్చోండి, టీచర్‌తో మాట్లాడండి, మూడు నెలలు చూడండి. అప్పటికీ కదలిక లేకపోతే మళ్లీ రాయండి, అప్పుడు స్కూలు మార్చే సంగతి ఆలోచిద్దాం. ఒక్కటి మాత్రం, ఈ పరీక్ష పెట్టేటప్పుడు తోటికోడలి కొడుకుని పక్కన కూర్చోబెట్టకండి.