లోతు లేదని కాలు మోపకండి

ప్రశ్న: మేడమ్, ఒడ్డుకు దగ్గర్లోనే ఉన్న పగడపు దిబ్బ దగ్గర స్నోర్కెలింగ్ (మాస్కు, గాలి గొట్టం పెట్టుకుని బోర్లా తేలుతూ నీటి అడుగును చూడడం) చేద్దామని మావారి పట్టు. నాకు ఈత అంతంతమాత్రమే. "నడుము లోతేగా, భయమేస్తే లేచి నిలబడు" అంటున్నారు. అంత తేలికేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: స్నోర్కెలింగ్ తేలికేనండీ, చిక్కంతా మీవారి సలహాతోనే. అక్కడ మీరు నిలబడేది రాతి మీద కాదు, ప్రాణుల మీద. పగడం పైపొర నిండా పాలిప్స్ అనే బుల్లి జీవులుంటాయి. బండల్లా గుండ్రంగా కనిపించే పగడాలు ఏడాదికి పెరిగేది ఒక సెంటీమీటరు అటూఇటూగా. వాటిని పాడుచేయడానికి ఒక్క మడమ చాలు. మీకూ నష్టమే. పగడం గీరుకున్న పుండు ఓ పట్టాన మానదు, సందుల్లో సీ అర్చిన్లు అనే ఒళ్ళంతా ముళ్ళున్న ప్రాణులు పొంచి ఉంటాయి.

అందుకని నామోషీ పడకుండా లైఫ్ జాకెట్ వేసుకోండి. గాలి ఊదుకునే స్నోర్కెల్ వెస్ట్ దొరికితే ఇంకా నయం, బోర్లా తేలడానికి అడ్డం రాదు. అలసటగా ఉంటే వెల్లకిలా తిరిగి, గొట్టం తీసేసి హాయిగా ఊపిరి పీల్చుకోండి. కంగారులో సైకిల్ తొక్కినట్టు కాళ్ళాడిస్తే ఫిన్స్ (పాదాలకు తొడుక్కునే ఈత రెక్కలు) పగడాలకు తగులుతాయి.

ముందు అడుగున ఇసుక ఉన్న చోట, కాళ్ళు అందే నీళ్ళలో ముఖం ముంచి నోటితో శ్వాస అలవాటు చేసుకోండి. మొదట్లో గుండె దడదడలాడుతుంది. గాలి నిదానంగా, పూర్తిగా వదిలితే టెన్షన్ తగ్గుతుంది. గొట్టంలోకి నీళ్ళొస్తే గట్టిగా ఒక్క ఊదు ఊదండి. మాస్కు పట్టీ పెట్టుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చి చూడండి, జారకపోతే సరిపోయినట్టే. మీవారికి మీసముంటే మాత్రం మీకంటే ముందు ఆయన మాస్కులోకే నీళ్ళొస్తాయి!

ఆటులో వెళ్తే పొట్ట పగడాలకు రాసుకుంటుంది, పోటు మీదున్నప్పుడే దిగండి. అలలు విరుగుతున్న వైపు వెళ్ళొద్దు. ముందు ప్రవాహానికి ఎదురీదండి, తిరుగు ప్రయాణంలో అదే సాయపడుతుంది. మాస్కులోంచి అన్నీ దాదాపు మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. చెవి మాత్రం రిక్కించండి. చిలక చేపలు పగడాన్ని కొరికే కరకర శబ్దం వినిపించొచ్చు.

ఎండకు ఫుల్ హ్యాండ్స్ స్విమ్ షర్టే మేలు. ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలున్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని, పగడాలకు హాని అని హవాయిలో 2021 నుంచి నిషేధించారు కూడా. ఇక మీవారిని చేయందేంత దూరంలోనే ఉండమనండి. అందమైన చేప కనబడితే పక్కనున్న మనిషిని మరిచిపోయేవాళ్ళే ఎక్కువ.