సౌండ్ కోసం డీవీడీ ప్లేయర్ విప్పించాను, మెకానిక్ పాడుచేశాడు: ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లె. నాన్నగారు దాచిన పద్యనాటకాల డిస్కులు వినడానికి ఏడు నెలల క్రితం 4,800 రూపాయలు పెట్టి డీవీడీ ప్లేయర్ కొన్నాను. సౌండ్ పల్చగా ఉందని భీమవరంలో ఒక మెకానిక్‌కి ఇస్తే ఆడియో ఐసీ (సౌండ్‌ని నడిపే చిప్పు), కొన్ని కెపాసిటర్లు (కరెంటు నిలవ చేసే భాగాలు) మార్చి 2,500 తీసుకున్నాడు. నాలుగు రోజులు బాగానే పాడింది. తర్వాత ఎడమ స్పీకర్ మూగబోయింది, కుడివైపు గుర్రుమని మోత. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళితే విప్పిన సెట్టుకి వారంటీ లేదన్నారు. మెకానిక్‌ని అడిగితే సెట్టు ఉంచేసుకుని, ‘ఉప్పుగాలికి బోర్డు పోయింది, ఇంకో 1,500 ఇస్తేనే తిరిగిస్తా’ అంటున్నాడు. అసలిలా మార్పించడమే నేరమని మా బావ అంటున్నాడు. నాకేం దారి?

జవాబు: ముందు ఆ భయం వదిలేయండి. డబ్బు పెట్టి కొన్న వస్తువు మీది. మీ ఇంట్లో మీరు వినడానికి దాని ఐసీ మార్పించుకోవడం నేరం కాదు. మీ బావగారు బహుశా కాపీరైట్ చట్టం 65ఏ సెక్షన్ గురించి విని ఉంటారు. 2012 సవరణతో వచ్చిన ఆ సెక్షన్, కాపీరైట్ హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో, కాపీ కాకుండా పెట్టిన డిజిటల్ రక్షణ తాళాల్ని ఛేదించేవారి కోసం. సౌండ్ బాగుచేయించుకోవడానికి దానితో సంబంధం లేదు.

కంపెనీ సంగతి వేరు. వారంటీ కార్డులో ‘మా సిబ్బంది కాక వేరేవాళ్లు విప్పితే వారంటీ చెల్లదు’ అన్న షరతు ఉందేమో చూడండి, సాధారణంగా ఉంటుంది. చెయ్యి పెట్టని డిస్క్ ట్రే లాంటిది పాడైతే వాదించడానికి కొంత చోటుండేది. మీ విషయంలో మెకానిక్ ముట్టుకున్న ఆడియో భాగమే పోయింది. అక్కడ పోరాడి టైమ్, డబ్బు పోగొట్టుకోవద్దు.

మీరు అడగాల్సింది మెకానిక్‌నే. డబ్బు తీసుకుని చేసిన పని సేవ అవుతుంది. ఆ పనిలో లోపం ఉంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అది సేవాలోపం. స్నేహం కొద్దీ ఊరికే చేసిపెట్టి ఉంటే ఈ చట్టం కింద అడగలేకపోయేవారు. రసీదు లేదని టెన్షన్ పడకండి. ఫోన్‌పేలో ఇచ్చి ఉంటే ఆ ఎంట్రీ, వాట్సాప్‌లో ‘ఐసీ మార్చాను, సౌండ్ అదిరిపోద్ది’ లాంటి మెసేజ్ ఉంటే అదీ సాక్ష్యమే. ఏదీ డిలీట్ చేయొద్దు.

ఇక 1,500 ఇస్తేనే సెట్టు ఇస్తానన్న మాట. 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ పనివాడికి ఒక హక్కు ఇచ్చిన మాట నిజమే: కూలి వచ్చేదాకా వస్తువు తన దగ్గర ఉంచుకోవచ్చు. కానీ ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు చేసినవాడికే ఆ హక్కు. మీరు చెప్పినదాన్ని బట్టి మొదటి పనికి కూలి ముట్టింది, రెండో పనికి మీరు ఒప్పుకోనే లేదు. అతను సెట్టు ఆపుకోవడానికి వీల్లేదు. పైగా అదే చట్టం 151వ సెక్షన్ ప్రకారం, చేతికిచ్చిన వస్తువును మామూలు జాగ్రత్త గల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నట్టు చూసుకోవాల్సిన బాధ్యత అతనిది. సెట్టు అత్యవసరంగా కావాలంటే డబ్బు ఇచ్చేయండి, కానీ ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని ముందే మెసేజ్ పెట్టండి.

ఈ కేసు అసలు తేలేది సెట్టు లోపలి సర్క్యూట్ బోర్డు మీదే. సముద్రం దగ్గర మన ఊళ్లలో ఉప్పుగాలికి రాగి పచ్చబడటం అబద్ధం కాదు. అయితే ఆ పచ్చదనం ఒక్క ఐసీ చుట్టూనే పట్టదు, స్క్రూల మీద, సాకెట్ల మీద కూడా ఎంతో కొంత కనబడుతుంది. సోల్డరింగ్ వేడి ఎక్కువైతే మాత్రం మార్చిన ఐసీ కాళ్ల చుట్టూ బోర్డు గోధుమరంగుకి మాడి, రాగి గీత పొరలా పైకి లేస్తుంది. సెట్టు చేతికి రాగానే ప్లగ్ పెట్టకుండా, తెలిసిన టెక్నీషియన్ చేత మూత తీయించి దగ్గర్నుంచి ఫోటోలు తీయించండి. మీరు విప్పొద్దు, పవర్ బోర్డు మీది పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు. తీసేసిన పాత ఐసీ, కెపాసిటర్లు కూడా అడిగి తీసుకోండి, అవి మీవే. పరీక్ష అవసరమైతే వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద వినియోగదారుల కమిషనే ల్యాబ్‌కి పంపించగలదు.

ఒక హెచ్చరిక. ఇలా మార్చిన సెట్టు వల్ల రేపు షాక్ కొట్టినా, మంట లేచినా, అదే వినియోగదారుల చట్టం 87వ సెక్షన్ ప్రకారం అమ్మినవారి మీద ఉత్పత్తి బాధ్యత దావా (వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం అడిగే దావా) నిలవదు. రిపేరు అయ్యాక కూడా పవర్ భాగం ఒకసారి చూపించాకే వాడండి.

ఇప్పుడు చేయాల్సింది: పదిహేను రోజుల గడువుతో మెకానిక్‌కి స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. దానికీ లొంగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా కూడా. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. కూలి 2,500 వాపసు, సెట్టు బాగుచేయించే ఖర్చు లేదా దాని విలువ, మీరు పడ్డ ఇబ్బందికి పరిహారం, కేసు ఖర్చులు విడివిడిగా రాయండి. ప్రతివాదిగా మెకానిక్‌ని మాత్రమే పెట్టండి. కంపెనీని కూడా లాగితే వాళ్ల లాయరు వారంటీ షరతు చుట్టూ వాదన తిప్పి, మెకానిక్ చేసిన పని మీద పడాల్సిన దృష్టిని మళ్లిస్తాడు.