కోడెదూడ పుడితే దిగులెందుకు?

ప్రశ్న: మా ఆవుకు వరసగా రెండోసారీ కోడెదూడే పుట్టింది. మా నాన్న రోజుల్లో కోడె పుడితే ఇంటిల్లిపాదికీ సంబరం. ఇప్పుడు సంతకు తోలుకెళ్లినా అడిగేవాళ్లు లేరు. ఊళ్లో ఒక్క ఎద్దుల జత లేదు. దేశంలో పశువులు పెరిగాయని మాత్రం పేపర్లో రాస్తారు. ఏది నిజం?
- ఒక రైతు, వినుకొండ ప్రాంతం

జవాబు: రెండూ నిజమేనండీ. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద దాదాపు 53.6 కోట్ల పశువులు తేలాయి. 2012 కంటే 4.6 శాతం ఎక్కువ. అయితే ఆ పెరిగినవాటిలో దాదాపు అన్నీ మేకలు, గొర్రెలే. ఆవులు, ఎద్దులు కలిపి 19 కోట్ల పైచిలుకు దగ్గరే ఉన్నాయి. వాటిని విడదీసి చూస్తే మీ ఊరు కనిపిస్తుంది. ఆ ఏడేళ్లలో ఆడవి 18 శాతం పెరిగాయి, మగవి 30 శాతం తగ్గాయి. అంటే రెండు కోట్ల కోడెలు, ఎద్దులు లెక్కలోంచి పోయాయి.

నేను పశువుల డాక్టరుగా ప్రకాశం జిల్లాలో చేరిన కొత్తలో, దుక్కుల కాలం వస్తే ఎద్దుల మెడ పుళ్లకు మందు రాయడంతోనే సరిపోయేది. రిటైరయ్యేనాటికి పొదుగువాపు, చూలు నిలవకపోవడం, ఇవే కేసులు. ట్రాక్టరు గంటలో దున్నే చేను కోసం ఏడాదంతా ఎద్దుల జతను మేపడం చిన్నరైతుకు ఎలా గిట్టుబాటవుతుంది? పైగా కోత మిషన్లు వచ్చాక వరిగడ్డి నలిగి చేలోనే పోతోంది, కొన్నిచోట్ల తగలబెడుతున్నారు. మేత కొనాల్సి వస్తే ముందు బయటికి పోయేది కోడెదూడే. ఇందులో మీ తప్పేం లేదు. కానీ ఒంగోలు గిత్త బండలాగుడు పందేలకే మిగిలిపోవడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఈసారి ఆవు ఎదకొచ్చినప్పుడు, ఆడదూడలే ఎక్కువగా పుట్టే వీర్యం మీ పశువైద్యశాలలో ఉందేమో అడగండి. దాంతో 90 శాతం దాకా పెయ్యలే పుడతాయి. చూలు నిలిచే అవకాశం మామూలు వీర్యం కంటే కాస్త తక్కువ కాబట్టి ఆవు ఆరోగ్యంగా ఉన్నప్పుడే వేయించండి. ఇప్పుడున్న కోడె మేలు ఒంగోలు జాతిదైతే మాత్రం తొందరపడి తెగనమ్మకండి. గుంటూరు దగ్గర లాంలో ఆ జాతి మీద పనిచేసే పరిశోధన కేంద్రం ఉంది. దూడ ఫొటో, తల్లి పాల వివరం పట్టుకెళ్లి ఒకసారి అక్కడివాళ్ల సలహా తీసుకోండి.