టెక్ సందేహాలు: చిప్ ఉన్న కారుకు తక్కువ ఖర్చులో రెండో తాళం

ప్రశ్న: రెండేళ్ల కిందట 2014 మోడల్ స్విఫ్ట్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అమ్మినాయన ఒకటే తాళం ఇచ్చి, రెండోది ఎక్కడో పోయిందన్నారు. మొన్న బజార్లో 150 రూపాయలకు డూప్లికేట్ చేయించాను. డోర్ తెరుచుకుంటోంది, సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. షోరూమ్‌లో అడిగితే వేలల్లో చెప్పారు. మా మెకానిక్ ఏమో, పాత తాళంలోని చిప్ తీసి స్టీరింగ్ కింద అతికించేస్తే ఏ తాళంతోనైనా బండి స్టార్ట్ అవుతుందంటున్నాడు. చేయించమంటారా? (గుడివాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: దయచేసి ఆ పని మాత్రం చేయించకండి. మెకానిక్ చెప్పింది అబద్ధం కాదు, అలా చేస్తే బండి నిజంగానే స్టార్ట్ అవుతుంది. నా భయమల్లా ఆ తర్వాత ఎవరు స్టార్ట్ చేసినా అవుతుందనే.

మీ తాళం పైభాగంలో, ప్లాస్టిక్ లోపల, చిన్న చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ ఉండదు. తాళం పెట్టే చోట చుట్టూ రాగి తీగ చుట్ట ఒకటి ఉంటుంది. తాళం తిప్పగానే ఆ చుట్ట నుంచి తక్కువ ఫ్రీక్వెన్సీలో, సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ దగ్గర, తరంగాలు వస్తాయి. చిప్ ఆ తరంగాల నుంచే శక్తి తీసుకుని మేలుకొని తన గుర్తింపు చెబుతుంది. కారు కంప్యూటర్ దగ్గరున్న లెక్కతో అది సరిపోతేనే ఇంజిన్ నడుస్తుంది. లేకపోతే సెల్ఫ్ తిరిగినా ఇంజిన్ అందుకోదు, కొన్ని కార్లలో సెల్ఫ్ కూడా తిరగదు. దీన్నే ఇమ్మొబిలైజర్ అంటారు. మారుతి వాళ్లు ఐక్యాట్స్ అని పేరు పెట్టుకున్నారు. కాబట్టి మీకు తాళం చేసిచ్చినాయన పనిలో తప్పేమీ లేదు. ఇనుము సరిగ్గానే కోశాడు, అందులో చిప్ లేదు, అంతే.

ఈ చిన్న చిప్ విలువ ఎంతో అమెరికా వాళ్లకు బాగా తెలిసింది. అక్కడ అమ్మిన హ్యుందాయ్, కియా కార్లలో చాలా మోడళ్లకు ఇమ్మొబిలైజర్ ఉండేది కాదు. 2021 ప్రాంతంలో మిల్వాకీ నగరంలో కుర్రాళ్లు స్టీరింగ్ కింద కవర్ ఊడదీసి, తాళం పెట్టే చోటును యూఎస్‌బీ కేబుల్ చివరతో తిప్పి ఆ కార్లు ఎత్తుకుపోవడం మొదలుపెట్టారు. ఆ వీడియోలు చూసి తర్వాత దేశమంతా పాకింది. యూరప్‌లో కొత్త కార్లకు 1998 నుంచే ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. చిప్‌ను స్టీరింగ్ కింద అతికిస్తే మీ స్విఫ్ట్‌ను మీ చేతులతో మీరే ఆ మిల్వాకీ కార్ల జాబితాలో చేర్చినట్టవుతుంది. పైగా బండి పోయి, ఇలా అతికించిన సంగతి బీమా కంపెనీకి తెలిస్తే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

ఇక మీకు కావలసిన చవకైన దారి. చిప్ తాళం చేయడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది క్లోనింగ్. మీ తాళంలోని చిప్ సమాచారాన్ని చిన్న మెషిన్‌తో చదివి, అదే సమాచారాన్ని కొత్త చిప్‌లో రాస్తారు. కారుకు రెండూ ఒకటే తాళంగా కనిపిస్తాయి. కారును ముట్టుకోనక్కర్లేదు, పని త్వరగా అయిపోతుంది, ఖర్చూ తక్కువే. రెండోది ప్రోగ్రామింగ్. స్టీరింగ్ కింద, కారు కంప్యూటర్‌తో మాట్లాడే ఓబీడీ సాకెట్ ఉంటుంది. దానికి మెషిన్ తగిలించి, కొత్త చిప్‌ను కారు కంప్యూటర్‌లో వేరే తాళంగా నమోదు చేస్తారు.

మీకైతే నేను రెండోదే చెబుతాను. ఎందుకంటే మీ కారుకు ఇంకో తాళం ఈ లోకంలో ఎక్కడో ఉంది. నిజంగానే పోయిందేమో, పాత ఓనరు బీరువాలో ఉందేమో, ఆయన దగ్గర పనిచేసిన డ్రైవర్ జేబులో ఉందేమో మనకు తెలియదు. క్లోనింగ్ చేయిస్తే ఆ తాళం చెల్లుబాటు అలాగే ఉంటుంది. ప్రోగ్రామింగ్‌లో పాత తాళాలన్నీ చెరిపేసి, మీ చేతిలో ఉన్నదీ కొత్తదీ రెండే నమోదు చేయమని అడగొచ్చు. అప్పుడు ఆ పోయిన తాళంతో డోర్ తెరుచుకుంటుందేమో గానీ బండి కదలదు. కొన్న రోజే చేయించాల్సిన పని ఇది. ఇప్పటికైనా ఆలస్యం చేయకండి.

ఖర్చు అసలు పెరిగేది రిమోట్ దగ్గర. లాక్, అన్‌లాక్ బటన్లకూ చిప్‌కూ సంబంధం లేదు. అవి వేర్వేరు, బ్యాటరీ కావలసింది బటన్లకే. షోరూమ్ వాళ్లు చెప్పిన ధర రిమోట్‌తో కలిపా, విడిగానా అని మళ్లీ అడగండి. అవసరానికి ఇంట్లో ఉంచుకునే రెండో తాళానికి రిమోట్ ఎందుకు? బటన్లు లేని చిప్ తాళం చాలు. మా ఇంట్లో పాత హ్యాచ్‌బ్యాక్‌కు బయట ఇలాగే చేయిస్తే 1,800 అయింది. అదే తాళానికి సర్వీస్ సెంటర్ చెప్పింది 4,200. బజార్లో చేయించిన ఆ 150 రూపాయల తాళాన్ని పారేయకండి. తాళం లోపల మరిచిపోయి డోర్ లాక్ పడిపోయిన రోజున అదే మిమ్మల్ని కాపాడుతుంది.

మీకు విజయవాడ ఆటోనగర్ దగ్గరే కాబట్టి అక్కడ చిప్ తాళాలు చేసేవాళ్లను వెతకండి. వెళ్లే ముందు ఫోన్‌లో మోడల్, సంవత్సరం చెప్పి, 'క్లోనింగా, ప్రోగ్రామింగా? పాత తాళాలు చెరిపేయగలరా?' అని అడగండి. ఈ తేడా వివరించలేని మనిషి దగ్గరకు వెళ్లకపోవడమే మంచిది. ఆర్‌సీ, మీ గుర్తింపు కార్డు వెంట తీసుకెళ్లండి. అవి అడిగే మనిషి దొరికితే నిశ్చింతగా పని అప్పగించండి, అడగనివాడు రేపు మీ కారుకూ ఎవరికైనా తాళం చేసిపెడతాడు. కారు బ్యాటరీ వీక్‌గా ఉంటే ముందు ఛార్జ్ చేయించుకోండి. ప్రోగ్రామింగ్ మధ్యలో కరెంటు పడిపోతే ఉన్న తాళం కూడా పనిచేయకుండా పోవచ్చు. పని జరిగినంతసేపూ కారులోనే కూర్చోండి. ఎన్ని తాళాలు నమోదయ్యాయో చాలా మెషిన్లు స్క్రీన్‌పై చూపిస్తాయి. అక్కడ 2 అని కనిపించాలి. రెండు తాళాలతోనూ నాలుగైదు సార్లు స్టార్ట్ చేసి చూశాకే డబ్బులివ్వండి. బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోండి. కారు దొంగతనం క్లెయిమ్‌లో బీమా వాళ్లు రెండు తాళాలూ అడుగుతారు. అప్పుడు రెండో తాళం ఎప్పుడు, ఎందుకు చేయించారో చూపించడానికి అది పనికొస్తుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా బంధువుల పెళ్లిలో, ఊరు కాని ఊళ్లో, మా కారుకున్న ఒక్క తాళమూ పోయింది. అర్ధరాత్రి దాకా పందిరంతా వెతికాం. మర్నాడు కారును లారీ మీదకు ఎక్కించి తీసుకెళ్తే, తాళాల సెట్టంతా మార్చాలన్నారు, విడిభాగాల కోసం వారం రోజులు ఆపారు. చివరికి 14 వేలైంది. చేతిలో ఒక్క తాళమున్నా కొత్తది చేయడం తేలిక. అన్నీ పోయాక కారు కంప్యూటర్‌ను ఒప్పించడానికి రహస్య కోడ్ కావాలి, కొన్ని మోడళ్లలో డ్యాష్‌బోర్డు విప్పాలి. అమ్మకు మందులు వేసే టైమ్ దాటిపోతుంటే ఆ కారు పక్కన నిలబడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది.

ప్రశ్న: తాళం పైభాగం పగిలిపోతే ఆన్‌లైన్‌లో మడత తాళం కేసింగ్ తెప్పించి, ఇనుప పుల్ల కోయించాను. రిమోట్ పనిచేస్తోంది, కారు స్టార్ట్ కావడం లేదు. (కరీంనగర్ పాఠకురాలు)

జవాబు: పాత కేసింగ్ పారేశారా? పారేయకపోతే వెంటనే తీసి చూడండి. ఆన్‌లైన్‌లో దొరికేది ఖాళీ డొల్ల. బటన్ల బోర్డును కొత్తదాంట్లోకి మార్చారు గానీ చిప్ పాత ప్లాస్టిక్‌లోనే ఉండిపోయి ఉంటుంది. చిన్న నల్లటి ముక్కలా గానీ బియ్యపు గింజంత గాజు గొట్టంలా గానీ ఓ మూలన అతికించి ఉంటుంది. బ్లేడుతో జాగ్రత్తగా ప్లాస్టిక్‌ను చుట్టూ కోసి తీయండి, చిప్ మీద నొక్కకండి, గాజుదైతే పగిలిపోతుంది. కొత్త కేసింగ్‌లో దానికోసం గూడు ఉంటుంది. అది దొరికితే మీకు ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ప్రశ్న: నాది బటన్ నొక్కి స్టార్ట్ చేసే కారు. కీ బ్యాటరీ అయిపోతే రోడ్డు మీద చిక్కుకుపోతామా? (అనంతపురం పాఠకుడు)

జవాబు: లేదు. ఆ కీ లోపల మామూలు ఇనుప తాళం దాగి ఉంటుంది, పక్కనున్న చిన్న మీట నొక్కి లాగితే బయటికి వస్తుంది. దాంతో డ్రైవర్ డోర్ తెరవండి. అలారం మోగినా కంగారు పడకండి. తర్వాత బ్రేక్ మీద కాలు పెట్టి, మాన్యువల్ గేరైతే క్లచ్ కూడా నొక్కి, కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి పట్టుకుని స్టార్ట్ చేయండి. లోపలి చిప్‌కు బ్యాటరీ అక్కర్లేదు కాబట్టి చాలా కార్లు అలా అందుకుంటాయి. కొన్నింటిలో కీ పెట్టే చోటు వేరుగా ఉంటుంది, అది ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది. ఈ ఆదివారం ఇంటి ముందే ఒకసారి ఇలా చేసి చూడండి, ఇంట్లో కారు నడిపే వాళ్లందరికీ చూపించండి.