కాలనీ తోటలో నాటిన వంగనారు వాడిపోతే

మీరు ఆదివారం నాటిన వంగ మొక్కలు మరునాటికే తలవాల్చడానికి కారణం తెగులు కాకపోవచ్చు; పొడి నారుమడి నుంచి పీకిన నారును ఉదయం 10 గంటల ఎండలో నాటడమే అయి ఉంటుంది.

తోటపనిలో కొత్తగా చేయి కలిపినవారు సాధారణంగా మరచిపోయేది నారు తీసే ముందు మడిని బాగా తడపడం. పొడి మట్టిలోంచి లాగినప్పుడు దారపు పోగుల్లాంటి పిల్లవేళ్లు తెగి అక్కడే ఉండిపోతాయి. నీటిని పీల్చేవి ప్రధానంగా అవే కనుక, తరువాత ఎంత నీరు పోసినా ఆకులు వెంటనే నిలబడవు.

1. నాటడానికి గంట ముందు మడిని తడిపి, వేళ్లకు పట్టిన మట్టితో సహా మొక్కను కిందినుంచి పైకి లేపండి. కాండం పట్టుకుని లాగవద్దు.
2. సాయంత్రం 5 దాటాక నాటి, మొదలు చుట్టూ మట్టిని చేతివేళ్లతో అదిమి, వెంటనే నీరు పోయండి.
3. మూడు నాలుగు రోజులు కొబ్బరి మట్టతో నీడ కల్పించండి.

వాడిన మొక్కలను తొందరపడి పీకవద్దు. నడి చిగురు పచ్చగా ఉంటే నీడలో ఉంచి వారం చూడండి. నేలను తాకే చోట కాండం గోధుమరంగుకు మారి మెత్తబడితే మాత్రం అది కుళ్లు తెగులే కాబట్టి ఆ మొక్కను తీసివేయండి.